నాన్న, నీటి మర, రెండు సంచుల మొక్కజొన్న పిండి

2006 జూన్. అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చి అప్పటికి ఏడు వారాలైంది. మేం ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. డీజిల్ ఇంజన్ల కంపెనీని నమ్ముకుని బతికే చిన్న ఊరు. నేను ఆఫీసుకి పోగానే నాన్న కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. సాయంత్రం నేనొచ్చాక "ఇవాళ ముప్పై ఒక్క కార్లు పోయినయ్యి" అని చెప్పేవాడు. ఆ రోజుకి మా ఇద్దరి మధ్య మాటలు దాదాపు అవే.

నాన్నది పొన్నూరు దగ్గర మా ఊళ్ళో పిండి మర. ముప్పై రెండేళ్ళు నడిపాడు. కరెంటు మోటారు పెట్టకముందు డీజిల్ ఇంజనే. దాని పొగ గొట్టం మీంచి వచ్చే 'కుక్ కుక్' చప్పుడు పొలాల అవతలికి వినపడితే, మర తీశారని ఆడవాళ్ళు డబ్బాలు నెత్తిన పెట్టుకుని బయల్దేరేవాళ్ళు. అందుకే కొడుకు డీజిల్ ఇంజన్ల కంపెనీలో ఇంజనీరని ఊరంతా చెప్పుకున్నాడు. ఇక్కడికొచ్చిన రెండో వారంలో అడిగాడు, "ఏరా, రోజంతా ఆ కంప్యూటరేనా? ఇంజన్ ముట్టుకోవా?" ఇంజన్లోకి డీజిల్ ఎప్పుడు చిమ్మాలి, ఎంత చిమ్మాలి అని చెప్పే సాఫ్ట్‌వేర్ నా పని. బొమ్మ గీసి మరీ చెప్పబోయాను. రెండు నిమిషాలు విని, "అంటే చేతికి మసి అంటదన్నమాట" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మౌనం చూళ్ళేకే ఎక్కడికైనా తీసుకెళ్దామనుకున్నాం. నయాగరా చూపించడం అయిపోయింది. ఆఫీసులో ఒకాయన స్ప్రింగ్ మిల్ స్టేట్ పార్కు పేరు చెప్పాడు. చెరువుంది, అడవుంది, గుడారం వేసుకునే చోటుంది, వారం మధ్యలో వెళ్తే ఎవరూ ఉండరు అన్నాడు. పేరులోనే మిల్లు ఉందన్న సంగతి నా బుర్రకి తట్టనేలేదు. సిగ్గుపడాల్సిన విషయమే.

అమ్మ ముందు ఒప్పుకోలేదు. "ఇంత ఇల్లు పెట్టుకుని గుడ్డ కింద పడుకోవడమేంటిరా, మనకేం ఖర్మ?" నాన్నే అందుకున్నాడు. "కోటప్పకొండ తిరునాళ్ళకి పోయినప్పుడు బండి కింద పడుకోలా? అప్పుడు నీకు దోమలు కుట్టలేదా?" ఆ మాటతో అమ్మ పులిహోర కలపడానికి లేచింది. రెండు రోజులకి సరిపడా, పెద్ద గిన్నెడు.

సేమూర్ దాకా పెద్ద హైవే, అక్కణ్ణుంచి పడమరకి అమెరికా 50 నంబరు రోడ్డు. బెడ్‌ఫర్డ్ దగ్గరకొచ్చేసరికి భూమి రంగు మారింది. రోడ్డు పక్కన తొలిచిన సున్నపురాయి గోడలు, లారీల మీద పలకలు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనానికి రాయి ఈ చుట్టుపక్కలదే అని చెప్పాను. నాన్న అద్దం దించి చూసి, "పలనాడు లాగా ఉందిరా. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ ఉండి తీరాలే" అన్నాడు. నిజంగానే ఉంది, మిచెల్ ఊళ్ళో. మాచర్ల వైపు తిరిగిన మనిషికి సున్నపురాయి ఎక్కడున్నా సున్నపురాయే. పార్కు మిచెల్‌కి తూర్పున మూడు మైళ్ళు. ఆ స్థలంలో కొంత భాగం ఒకప్పుడు సిమెంటు కంపెనీదేననీ, దాన్ని ప్రభుత్వానికి ఒక్క డాలరుకి రాసిచ్చిందనీ తర్వాత తెలిసింది. 1927 నుంచీ అది పార్కు.

గుడారం వేయడం గురించి ఎక్కువ చెప్పను. కాగితంలో బొమ్మ చూస్తే పదిహేను నిమిషాల పని. మాకు గంటన్నర పట్టింది. చివరికి రెండు కర్రలు మిగిలిపోయాయి. అవి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలీలేదు.

సాయంత్రం చెరువు దగ్గరికి నడిచాం. బోర్డు మీద లేక్ అని ఉంది. "ఇది చెరువేగా" అని తేల్చేశాడు నాన్న. లోయకి అడ్డంగా కట్ట వేసి ఆపిన నీళ్ళు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని కల్పించిన కుర్రాళ్ళు కట్టిన కట్ట. పెట్రోలు మోటార్లు నీళ్ళలోకి రానివ్వరు కాబట్టి ఎక్కడా చప్పుడు లేదు. అవతలి గట్టున ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. మేం ఉన్న గంటసేపూ ఆయన కదల్లేదు, ఆయన బెండూ కదల్లేదు. పొద్దు గూకాక గడ్డిలోంచి మిణుగురులు లేచాయి. వందలు. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు, అరచేతులు చాపి వాటి వెంట పరిగెత్తింది. అమ్మ చెంగు దులుపుకుంటూ, "మనూళ్ళో ఇవి కనపడి ఎన్నేళ్ళయిందో" అంది. నాన్న మాత్రం మాట్లాడలేదు. కట్ట మీద కూర్చుని నీళ్ళు ఎక్కడ పొర్లి పోతున్నాయో చూస్తున్నాడు.

ఆ రాత్రే దొంగతనం జరిగింది. గిన్నె మూత మీద రాయి పెట్టి, కూలర్లో సర్ది, బల్ల కింద తోశాం. అర్ధరాత్రి గిన్నె దొర్లిన చప్పుడు. టార్చి వేస్తే కళ్ళ చుట్టూ నల్ల గంతలు కట్టినట్టున్న రకూన్లు మూడు, మనుషుల్లాగే చేతులతో తీసుకుని పులిహోర తింటున్నాయి. వెలుగు పడినా పారిపోలేదు. ఒకటైతే మిరపకాయ ఏరి పక్కన పెట్టింది, ఇది నేను కల్పించి చెప్పడం లేదు. అమ్మ గుడారంలోంచే తిట్లు లంకించుకుంది. నాన్న నవ్వాడు. ఏడు వారాల్లో పైకి వినపడేట్టు నవ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున బ్రెడ్డు తిని, పార్కులోని పాత ఊరికి వెళ్ళాం. ఈ ఊరి కథ చెప్పాలి. ఇండియానా రాష్ట్రం అయింది 1816లో. ఆ మరుసటేడే, 1817లో, బులిట్ అనే అన్నదమ్ములు ఇక్కడ మూడంతస్తుల రాతి మర కట్టించారు. సున్నపురాయి కొండల్లో గుహలుంటాయి, గుహల్లోంచి ఏడాది పొడుగునా ఆగని ఊట వస్తుంది. ఆ ఊటే ఇక్కడి పెట్టుబడి. మర చుట్టూ కొట్టు, చెప్పులు కుట్టేవాడి ఇల్లు, నేతగాడి ఇల్లు, మందుల షాపు, మొక్కజొన్నతో సారా కాచే బట్టీ అన్నీ లేచాయి. 1832లో హేమర్ అన్నదమ్ములు కొన్నాక ఊరు ఇంకా పెరిగింది. ఇక్కడి సరుకు పడవల మీద వైట్ నదిలో దిగి న్యూ ఆర్లియన్స్ దాకా పోయేదట. తర్వాత 1850ల్లో రైలు వచ్చింది. అయితే ఈ లోయలోకి రాలేదు, రెండు రైలు మార్గాలు మిచెల్ దగ్గర కలిశాయి. జనం ఒక్కొక్కరే అటు జరిగారు. 1890ల నాటికి ఊరు ఖాళీ. పార్కు వచ్చాక ఇళ్ళు బాగుచేసి, మర మళ్ళీ తిప్పారు.

బోర్డులన్నిటి మీదా 'పయనీర్లు' అనే రాశారు. అడవి కొట్టి మొదట ఊరు కట్టినవాళ్ళు అని. నాన్నకి చదివి చెప్తే, "వీళ్ళకి ముందు ఎవరుండేవాళ్ళు?" అని అడిగాడు. డెలావేర్లు, మయామీలు, షానీలు అనే ఆదివాసీ తెగలని చెప్పాను. 1818లో కుదిరిన ఒప్పందంతో డెలావేర్లు ఇండియానా వదిలి మిసిసిపీ అవతలికి పోవలసి వచ్చింది. అంటే ఈ మర కట్టిన మరుసటేడే. "మరి వాళ్ళ బోర్డేది?" అన్నాడు. నేను చూసినంతలో లేదు.

దూరం నుంచే చక్రం కనపడింది. మూడు నాలుగు నిలువులెత్తు చెక్క చక్రం. దాని నెత్తి మీదికి స్తంభాల మీదుగా చెక్క కాలువ. హేమర్ గుహ నుంచి నీళ్ళు ఆ కాలువలో గాల్లో నడిచి వచ్చి చక్రం మీద పడుతున్నాయి. నాన్న అడుగు ఆగిపోయింది. నిజానికి నీటితో తిరిగే మరని ఆయనా ఎన్నడూ చూడలేదు. కృష్ణా డెల్టాలో పుట్టిన మనిషి, చుట్టూ కాలవలే, కానీ మర మాత్రం డీజిలుతోనే. ఐదు నిమిషాలు అలా చూసి, వంగి, మళ్ళీ చూసి, నన్ను చెయ్యి పట్టుకుని లాగాడు.

"దెబ్బకి కాదురా తిరిగేది. బరువుకి. చూడు, ఆ అరల్లో నీళ్ళు నిండుతున్నయ్. నిండిన వైపు బరువై కిందికి దిగుద్ది, కిందికొచ్చాక ఒలికిపోద్ది. కొంచెం నీళ్ళున్నా చాలు."

లోపలికెళ్ళాక ఇక ఆపలేకపోయాను. ముప్పై రెండేళ్ళు మర నడిపిన నాన్న నాకు మర గురించి ఒక్క ముక్క చెప్పింది లేదు, నేను అడిగిందీ లేదు. మా ఇంట్లో చదువుకునే పిల్లాడు మర వైపు రాకూడదన్నది నియమం. ఆ రోజు ఇండియానాలో, చెక్క పళ్ళ చక్రాలు కిర్రుకిర్రుమంటుంటే, పాఠం మొత్తం ఒకేసారి చెప్పాడు. పెద్ద పళ్ళచక్రం చిన్నదాన్ని తిప్పితే వేగం ఎలా పెరుగుద్దో, పై రాయి తిరిగితే కింది రాయి ఎందుకు కదలకూడదో, రెండింటి మధ్య కాగితమంత సందు ఎందుకుండాలో. "రాయికి రాయి తగిలిందా, నిప్పురవ్వలు లేస్తయ్. పిండిలో రాతిపొడి కలుస్తది. తిన్నోడు పళ్ళు నూరతా మనల్ని తిడతాడు."

మర నడిపే ఆయన గడ్డి టోపీ, భుజాల మీద పట్టీలు, పాతకాలం వేషంలో ఉన్నాడు. డెబ్బై ఏళ్ళు ఉండొచ్చు. పిల్లలకి చెప్పే చిలక పలుకులు మాకూ మొదలుపెట్టాడు. నాన్న వింటున్నట్టు తలూపుతూనే, రాళ్ళ కింద చెక్క గొట్టంలోంచి పడుతున్న పిండికి చెయ్యి పట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపాడు. తర్వాత ఆ పిండి తీసుకెళ్ళి చెంపకి ఆనించుకున్నాడు.

"చల్లగా ఉందిరా!" అన్నాడు. "మన మరలో పిండి కాలిపోతా వస్తది. వేడికి వాసన పోద్ది. ఇది చూడు."

ఆ వేషం ఆయన చెప్తున్నది ఆపేశాడు. నాన్న వేళ్ళనే చూస్తున్నాడు. "వీరు కూడా..." అని నన్నడిగాడు. అవునన్నాను. ఎన్నేళ్ళు అన్నాడు. ముప్పై రెండు అన్నాను. టోపీ తీశాడాయన.

"రాళ్ళకి కక్కు ఎవరు కొడతారో అడుగు" అన్నాడు నాన్న. కక్కుని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలిస్తేగా. నీళ్ళు నమిలాను. నాన్న నా కోసం ఆగలేదు. గోడకి ఆనించిన పాత రాయి దగ్గరికెళ్ళి, దాని గాడి మీద ఒక వేలు పెట్టి, రెండో చేత్తో ఉలి కొడుతున్నట్టు టక్ టక్‌మని చూపించాడు. ఆయన నవ్వి, పెట్టెలోంచి సుత్తిలాంటిదొకటి తీశాడు, రెండు వైపులా ఉలిలా పదును. నాన్న దాన్ని చేతిలో తూచి చూసి, "బరువెక్కువ" అన్నాడు. ఆయనకి ఆ మాట కూడా అర్థమైనట్టే ఉంది, భుజం నొక్కుకుని మొహం చిట్లించాడు. తర్వాత నాన్న తన ఎడమ చిటికెన వేలు చూపించాడు. బెల్టులో పడి వంకరైన వేలు అది. నేను పుట్టకముందు సంగతి. ఆయన చొక్కా చెయ్యి మడిచి మోచేతి దగ్గర మచ్చ చూపించాడు. ఇద్దరికీ నా అవసరం తీరిపోయింది. పాపని తీసుకుని మేం నేతగాడి ఇంటికి వెళ్ళి, మగ్గం చూసి, మందుల షాపూ పూలతోటా చూసి గంటకి తిరిగొస్తే, వాళ్ళింకా అక్కడే ఉన్నారు. నాన్న తొట్టిలోకి మొక్కజొన్నలు పోస్తున్నాడు. అలా బయటివాళ్ళని పోయనిస్తారో లేదో నేనడగలేదు.

బయటికొచ్చేటప్పటికి కొత్త నీలం స్వెట్టర్ తెల్లబడిపోయింది. అమ్మ మాట్లాడకుండా దగ్గరికొచ్చి, చెంగుతో భుజాలు, వీపు దులిపింది. మా ఇంటి గుమ్మంలో రోజూ సాయంత్రం చేసిన పని. ఎన్నేళ్ళయిందో మానేసి.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది నాన్నకి. తిరిగెళ్ళి నా చేత అడిగించాడు. "మర ఆగిపోయిన రోజున, దాన్ని నడిపేవాడు ఏం చేశాడంట?" ఆయన కాసేపు ఆలోచించి, రైలున్న ఊరికి వెళ్ళిపోయి ఉంటాడు అన్నాడు. నాన్న తలూపాడు. రెండు సంచుల మొక్కజొన్న పిండి కొన్నాం. గుడ్డ సంచులు, దారంతో మూతి కట్టినవి.

రాత్రి తిండికి పులిహోర లేదుగా. అమ్మ ఒక సంచి విప్పి పిండి వేళ్ళతో చూసి, "ఇది పిండెక్కడిది, రవ్వ. ఉప్మా అవుద్ది" అంది. క్యాంపు పొయ్యి ఎలా రాజేయాలో నేను పుస్తకం చూస్తుంటే, నాలుగు పుల్లలతో నిమిషంలో మంట తెప్పించింది. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, మా ఆవిడ దాచి తెచ్చిన కరివేపాకు. ఆ పోపు వాసన చెరువు మీదికి పోయింది. పక్క గుడారం వాళ్ళు తొంగి చూశారు. నాన్న రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. "ఇంకాస్త మెత్తగా పట్టాల్సింది. మధ్యలో చెప్పా ఆయనకి, వినలా" అన్నాడు. ఏ భాషలో చెప్పాడో!

అందరూ పడుకున్నాక ఇద్దరం కట్ట మీదికి వెళ్ళాం. చీకట్లో కీచురాళ్ళు, కప్పలు. అప్పుడు చెప్పాడు, అడక్కుండానే. ఊళ్ళోకి ప్యాకెట్ల కారం, ప్యాకెట్ల పిండి వచ్చాక మర రోజుకి రెండు గంటలు తిరగడమే గగనమైంది. సంక్రాంతికి ముందు అరిసెల పిండి పట్టించుకునేవాళ్ళు తెల్లారుజామునే డబ్బాలు వరసలో పెట్టి పోయేవాళ్ళు గదా, ఆఖరి ఏడు వరసలో నాలుగే డబ్బాలు. రాళ్ళు ఎవరో కొనుక్కున్నారు. పాత డీజిల్ ఇంజన్ వెనక కొట్టంలో ఉండేది, దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు.

"కిలో ఎనిమిది రూపాయలు" అన్నాడు. "అమ్మాకే మీ అమ్మకి చెప్పా. నీకు ఫోన్లో చెప్దామనుకున్నా, నిమిషానికి ఎంతో అవుద్దని ఊరుకున్నా."

నాకేం అనాలో తోచలేదు. ఆ ఇంజన్ చప్పుడుతోనే నేను నిద్ర లేచేవాణ్ణి. ఇంజన్ల మీదే నా జీతం.

"తూకంలో కూడా మోసం చేశాడు వెధవ" అన్నాడు కాసేపాగి. "నలభై కిలోలు తేడా. నాకు తెలీదా దాని బరువు?"

తెల్లవారుజామున వాన. మిగిలిపోయిన ఆ రెండు కర్రలు ఎందుకో అప్పుడు అర్థమైంది. గుడారం ఒక వైపు కుంగి నీళ్ళు పట్టింది, అందరం కార్లో కూర్చుని తెల్లవార్చాం.

మూడో రోజు మిగతావి త్వరత్వరగా చూశాం. జంట గుహల్లోకి బల్లపరుపు పడవ. గైడు పైకప్పు రాయి పట్టుకుని పడవని లాగుతూ తీసుకెళ్ళింది. కళ్ళు లేని తెల్లటి చేపల్ని లైటు వేసి చూపించింది. డొనాల్డ్‌సన్ అనే స్కాట్లాండు ఆయన చెట్టు నరకనివ్వక, వేటాడనివ్వక కాపాడిన అడవి అరవై ఏడు ఎకరాలుంది, అందులో ఓక్ చెట్లని కావలించుకుంటే ఒక్కరి చేతులు చాల్లేదు. గేటు దగ్గర గస్ గ్రిసమ్ స్మారకం. మిచెల్‌లో పుట్టిన వ్యోమగామి, 1967లో అపోలో 1 మంటల్లో పోయాడు. ఆయన 1965లో జాన్ యంగ్‌తో కలిసి వెళ్ళిన జెమిని 3 వాహనం అక్కడే ఉంది. నాన్న కల్పనా చావ్లా పేరు తలుచుకున్నాడు, లోపలికి తొంగి చూసి "ఇంత ఇరుకులో ఇద్దరా?" అన్నాడు. అంతే. మనసింకా మర దగ్గరే ఉంది. కారెక్కబోతూ, ఇంకోసారి చూసొస్తానని ఒక్కడే లోయలోకి దిగి వెళ్ళాడు. అరగంట ఆగాం.

తర్వాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకోవడం తగ్గింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, డీజిల్ ఎప్పుడు చిమ్మాలో ఆ కంప్యూటరుకి ఎలా తెలుస్తుందో మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాడు.

సెప్టెంబరులో ఊరికి వెళ్ళేటప్పుడు రెండో సంచి తనతో తీసుకెళ్ళాడు, చొక్కాల మధ్య చుట్టి. పిల్లలకి చాక్లెట్లు తగ్గించి మరీ దానికి చోటు చేశాడు. ఊళ్ళో వచ్చినవాళ్ళందరికీ చిటికెడు చేతిలో పోసి, "నలిపి చూడు, దాదాపు రెండొందల ఏళ్ళ నాటి నీటి మర" అని చెప్పేవాడట. మిగిలింది హార్లిక్స్ సీసాలో పోసి, మర తాళంచెవి వేలాడే మేకు కింద గూట్లో పెట్టాడు. పోనీ ఉప్మా అయినా చేస్తానంటే అమ్మని ముట్టుకోనివ్వలేదు. డిసెంబరులో అమ్మ ఫోన్ చేసింది, పురుగు పట్టిందనీ, పారేస్తానంటే మీ నాన్న జల్లించి మళ్ళీ సీసాలో పోశాడనీ.